పోయొస్తనన్న మాట

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. ఖానాపురం హవేలిలో నాకొక మోటార్ల షాపు ఉంది. బోరు మోటార్లు పైకి తీయడం, వైండింగ్ కట్టడం, మళ్ళీ దించడం నా పని. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళ పాయింటు చూపిస్తామని పొలమంతా తిరిగేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ కాయ నిలబడ్డ చోట బోరు వేస్తే దుమ్ము లేచిన పొలాలు కూడా చూశాను. అందుకే కనిపించని శక్తుల సంగతి ఎవరైనా ఎత్తితే, ముందా కొబ్బరికాయ పగలగొట్టి పచ్చడి చేసుకో పో అనేవాణ్ణి.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. మీరు నవ్వుతారని కాదు. మా అత్తమ్మ పక్కబట్టల గురించి రాయాలి, అదీ అల్లుణ్ణై ఉండి. నా భార్య రజితను అడిగితే "రాయి, పేర్లు మాత్రం మార్చు" అంది. మార్చాను.

మా మామ కొత్తగూడెంలో బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక అత్తమ్మ మా దగ్గరికి వచ్చింది. రజిత ఒక్కతే కూతురు, ఇంకెక్కడికి పోతుంది? కానీ కూతురింట్లో ఉండడం ఆమెకు తలవంపులుగా ఉండేది. "ఇల్లరికం అల్లుని చూసినం గని, ఇల్లరికం అత్తను నిన్నే చూస్తున్నమమ్మా" అని వీధిలో ఒకావిడ సరదాకు అంటే, ఆ తర్వాత చాలా రోజులు అత్తమ్మ వాకిట్లోకి రాలేదు.

నాతో నేరుగా మాట్లాడేది కాదు. నేను ఇంట్లోకి వస్తే కొంగు భుజం చుట్టూ కప్పుకుని తలుపు చాటుకు జరిగేది. రజిత ఇంట్లో లేకపోయినా సరే, "రజితా, అల్లునికి అన్నం పెట్టిన, తినుమను" అని గోడతో చెప్పేది. నేను కూడా గోడతోనే "తింట" అనేవాణ్ణి. మా ఇంట్లో గోడకున్న మర్యాద మనుషులకు లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిది. నేను పొద్దున బండి స్టార్ట్ చేస్తూ "పోతున్నా" అని కేకేస్తే లోపలినుంచి వెంటనే వినిపించేది. "రజితా, పోతున్న అనొద్దను. పోయొస్త అనుమను." బండి ఆపి, పోయొస్త అని చెప్పి కదలాల్సిందే. ఇది మన ఇళ్ళన్నింట్లో ఉన్నదే. ఆమెకు కొంచెం ఎక్కువ, అంతే అనుకునేవాణ్ణి.

రజిత ఖమ్మంలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమెతో పాటు పనిచేసే సమ్మక్క కూడా నర్సే. సమ్మక్క వాళ్ళది భద్రాచలం అవతల గుట్టల మధ్య ఒక కోయ గూడెం. చలికాలంలో మేం అత్తమ్మను తీసుకుని పర్ణశాల వెళ్ళాం. సమ్మక్క అప్పుడు సెలవు మీద ఊళ్ళోనే ఉంది. ఇంత దూరం వచ్చి మా ఇంటికి రాకుండా పోతారా అని పట్టుబట్టి భోజనానికి పిలిచింది. నాటుకోడి కూరతో కడుపునిండా పెట్టి, బుగ్గ చూద్దురు రండి అంది. కొండ ఊటను అక్కడ బుగ్గ అంటారు.

గూడెం వెనక చిన్న లోయలోకి దిగాలి. పెద్ద బండ కిందినుంచి నీళ్ళు ఊరుతున్నాయి. చుట్టూ రాళ్ళు పేర్చారు. నిండిన నీళ్ళు ఒక పక్కనుంచి పొంగి వాగులోకి పోతున్నాయి. అడుగున తెల్లటి ఇసుక గింజ గింజ కనిపిస్తోంది. మోటారు లేదు, కరెంటు లేదు, ఎండాకాలం కూడా ఆగదట. నీళ్ళ మోటార్లతో బతికేవాణ్ణి కదా, నాకు కొంచెం కుళ్ళు పుట్టింది.

అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. నీళ్ళు పొంగిపోయే చోట బండమీద కూర్చుని, కాళ్ళు మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టింది. చాలాసేపు అట్లనే కూర్చుంది. నొప్పి గుంజేసినట్టు పోయిందని రజితతో చెప్పి నవ్వింది. నేను అక్కడే ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయింది. ఆమె పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

లేచేముందు సమ్మక్క అంది. "ఒక్క మాటమ్మా. ఈడికెళ్ళి కదిలేటప్పుడు పోయొస్త అనొద్దు. పోతున్న అనాలె. మా కాడ గంతే."

"అయ్యో రామ, గదేం మాటే తల్లీ" అని అత్తమ్మ నవ్వింది.

సమ్మక్క ముందు నడిచింది. మేం వెనక కదిలాం. అత్తమ్మ వంగి నీళ్ళు తాకి, కళ్ళకద్దుకుని, "పోయొస్త తల్లీ, నీ కడుపు సల్లగుండ" అంది. అనేసి నాలుక కరుచుకుంది. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు, ఏం చేస్తుంది పాపం. రజిత, నేను నవ్వుకున్నాం. సమ్మక్క వినలేదు.

ఖమ్మం వచ్చిన కొద్ది రోజులకే మొదలైంది.

తెల్లవారకముందే పెరట్లో నల్లా తిప్పిన చప్పుడయ్యేది. ఇంత చలిలో ముసలావిడకు ఈ తొందరేంటని విసుక్కునేవాణ్ణి. ఒకరోజు రజిత నైట్ డ్యూటీలో ఉంది. ట్యాంకు చూద్దామని పొద్దున్నే డాబా ఎక్కితే అత్తమ్మ చీర పిండుతూ కనిపించింది. పక్కన దుప్పటి, లంగా. నన్ను చూడగానే పిట్టగోడ వైపు తిరిగిపోయింది. నేను కూడా ఏమీ చూడనట్టు దిగి వచ్చేశాను. నాకు అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను.

రజితకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. తనే పట్టేసింది. నర్సు కదా, పరీక్షలు చేయించింది. ఇన్‌ఫెక్షన్ లేదు, షుగర్ కొంచెం ఉంది కానీ అదుపులోనే ఉంది. డాక్టరు వయసన్నాడు. మామూలే అన్నాడు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. ముసలావిడ పక్క తడిస్తే ఇంకెవరైనా ఏమనుకుంటారు?

డైపర్లు నేనే తెచ్చాను. మందుల షాపువాడు నల్ల కవర్లో చుట్టి ఇచ్చాడు. ఆ కవరు ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక ఫ్రిజ్ మీద పెట్టాను. రజిత తీసుకుని లోపలికి వెళ్ళి తలుపేసింది. ఆ పూట అత్తమ్మ అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున కూడా చీర తడిసే ఉంది. రజిత గది బయటికి వచ్చి, గొంతు తగ్గించి, "డైపర్ పొడిగుంది" అంది. ఇక్కడైనా మేం ఆగి ఆలోచించాల్సింది. సరిగ్గా తొడగలేదేమో అనుకున్నాం.

అత్తమ్మ నీళ్ళు తాగడం మానేసింది. చెప్పి మానలేదు. అడిగితే ఇప్పుడే తాగిననని గోడతో చెప్పేది. పెదాలు పగిలాయి. మాట తడబడింది. ఒకరోజు వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించారు. ఇట్లనే నీళ్ళు తాగకపోతే కిడ్నీలు పోతాయి, తర్వాత మా చేతిలో ఏమీ ఉండదు అని డాక్టరు నాకూ రజితకూ విడివిడిగా చెప్పాడు. అయినా ఆమె గ్లాసు ముట్టలేదు. రజిత చెంచాతో పోయబోతే పళ్ళు బిగపట్టింది. సిగ్గుతో మనిషి చచ్చిపోవచ్చని నాకు అప్పుడు తెలిసింది.

రజిత మందులకని కిందికి వెళ్ళినప్పుడు అత్తమ్మ నన్ను పిలిచింది. గోడను కాదు, నన్నే.

"నేను పోసుకోలేదు బిడ్డా. మీ మామ మీద ఒట్టు. తడి ఏడికెళ్ళి వస్తుందో నాకు తెల్వదు."

"ఏం కాదత్తమ్మా, వయసుల అందరికీ ఉండేదే" అన్నాను.

ఆమె కళ్ళు మూసుకుని అటు తిరిగింది. నమ్మమని అడిగిన మనిషిని నేను ఓదార్చాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

ఇంటికి తెచ్చిన మర్నాడే మళ్ళీ తడి. రజిత డ్యూటీలో ఉంది. అత్తమ్మకు లేచే ఓపిక లేదు. నేనే దుప్పటి మార్చాలి. ముక్కు బిగపట్టుకుని వెళ్ళాను, నిజం చెప్తున్నా. దుప్పటి లాగుతుంటే చెయ్యి ఆగిపోయింది. తడి నడుము దగ్గర లేదు. కాళ్ళ దగ్గర ఉంది. చీర అంచు నుంచి మోకాళ్ళ దాకా తడిసింది, ఆ పైన పొడిగా ఉంది. వాసన లేదు. చల్లగా ఉంది, ఇప్పుడే ఊటలోంచి తీసినట్టు. ఇన్ని రోజులుగా మా ఇంట్లో ఒక్కరం కూడా ఆ తడి ఎక్కడుందో చూడలేదు.

నేను లీకేజీలు వెతికేవాణ్ణి. మంచం జరిపి గోడ తడిమాను. పైన స్లాబు చూశాను. ఆ గదిలో పైపు లేదు, వాషింగ్ మెషిన్ ఇంకో వైపు ఉంది. గేటుకు తాళం వేసే ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. తలుపు నుంచి మంచం దాకా గచ్చు మీద ఒక్క తడి అడుగు లేదు.

అప్పుడొక పని చేశాను. చీర అంచు ఒక గ్లాసులోకి పిండాను. నా దగ్గర నీళ్ళలో ఉప్పెంతుందో చూసే చిన్న మీటరు ఉంటుంది. డాబా తలుపు గడియపెట్టి, ఎవరూ చూడకుండా ఆ గ్లాసులో మీటరు పెట్టాను. అత్తగారి చీర పిండి మీటరు పెట్టే అల్లుడు ఖమ్మం జిల్లాలో ఇంకొకడు ఉండడు. మా బోరు నీళ్ళు వట్టి ఉప్పు, బకెట్‌కు తెల్లగా పొర కడతాయి. ఈ నీళ్ళు మేం ఫిల్టర్లో పట్టుకుని తాగే నీళ్ళకంటే తేలిక, ఉప్పు దాదాపు లేదు. మీటరు పాడైందేమోనని నల్లా నీళ్ళలో పెట్టి చూశాను. బాగానే పనిచేస్తోంది. చీర ఆరాక అంచు కుట్టులో వేలు పెడితే సన్నటి తెల్ల ఇసుక రాలింది. మా వీధిలో అలాంటి ఇసుక లేదు.

రజిత వచ్చాక అన్నీ చూపించాను. ఇసుకను వేళ్ళ మధ్య నలిపి చూసింది. తర్వాత "అమ్మకు డైపర్ తొడిగిన" అని ఏడ్చింది.

ఆ సాయంత్రం సమ్మక్క అత్తమ్మను చూడ్డానికి వచ్చింది. రజిత దాచకుండా చెప్పేసింది. ఇసుక చూసి సమ్మక్క, "బుగ్గ కాడ కదిలేటప్పుడు అమ్మ ఏమన్నది?" అని అడిగింది. పోయొస్త అన్నదని చెప్పాం.

"నేను గూడ సైన్సే చదివిన" అంది సమ్మక్క. "నిజమో అబద్ధమో నాకు తెల్వదు. మా పెద్దోళ్ళేమంటరంటే, ఆడ పోయొస్త అంటే మాట ఇచ్చినట్టే. ఇంట్ల మేం గూడ పోయొస్తనే అంటం. బుగ్గ కాడ మాత్రం అనం."

మంచం మీద అత్తమ్మ అంతా వింటోంది. "కాలు జారితే తీసుకోవచ్చు గని నోరు జారితే తీసుకోగలమా బిడ్డా" అంది.

మాట వెనక్కి తీసుకోవడానికి వెళ్ళాం. నాకు నమ్మకం కుదిరి కాదు. ఆమె నీళ్ళు తాగాలి. దానికోసం ఎవరు ఏం చెప్పినా చేసేవాణ్ణే.

మోదుగు పూలు రాలుతున్న రోజులవి. కారు గూడెం దాకే పోయింది. అత్తమ్మ నాలుగడుగులు వేసి కూలబడింది. ఊళ్ళో మగవాళ్ళందరూ మిర్చి కోతలకు పోయారు. నేను ముందుకొచ్చి కూర్చుని, వీపెక్కమన్నాను.

"అల్లుని వీపెక్కాల్నా? దానికన్న ఈడ సచ్చుడు నయం" అంది.

"అమ్మా, ఇగ నఖరాలు చాలు, ఎక్కు" అని రజిత కసిరింది. రజితా, సమ్మక్కా పట్టి ఎక్కించారు. మోసేది మనిషినో మడతపెట్టిన దుప్పటినో తెలియనంత తేలికగా ఉంది. దారంతా కళ్ళు తెరవలేదట, సమ్మక్క తర్వాత చెప్పింది.

ఈసారి ఆమెను నీళ్ళకు దూరంగా, ఎండపడ్డ బండమీద కూర్చోబెట్టాం. నీళ్ళు ముట్టుకోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, నేనైతే బాగా గుర్తుపెట్టుకున్నాను. పోతున్న అని ఒక్క మాట అంటే అయిపోతుంది. ఆమె నోరు తెరుస్తుంది, మూస్తుంది. రజితకు ఓపిక పోయింది. "అను అమ్మా, ఒక్క మాట" అంది.

"మీ నాయన ఆ పొద్దుగాల సంచి పట్టుకొని పోతున్ననే అన్నడు" అంది అత్తమ్మ. "పోయొస్త అనుమని నేను అనలే. పొయ్యి మీద పాలున్నయి. మల్ల మోసుకనే వచ్చిన్రు. ఆ మాట నా నోటికెట్ల వస్తదే?"

మామ మార్కెట్‌లో గుండె ఆగి పడిపోయాడని మాకు తెలుసు. ఈ సంగతి రజితకు కూడా తెలియదు. రజిత వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. ఇక ఎవరం తొందరపెట్టలేదు. నేను పొద్దున పోతున్నా అని కేకేసిన రోజులన్నీ గుర్తొచ్చి, అటు తిరిగి నిలబడ్డాను.

చివరికి ఆమే అంది. "తల్లీ, నేను ముసల్దాన్ని. నీ కాడికి రాలేను. కోపం చెయ్యకు. పోతున్న."

ఎనకకు చూడకుండ్రి అంది సమ్మక్క. ఎక్కించుకుని బయల్దేరాను.

కొంచెం పైకెక్కానో లేదో, ఆమె కాళ్ళ కింద పట్టుకున్న నా చేతుల మీద చల్లగా తగిలింది. తర్వాత నడుము మీద. చుక్కలు చుక్కలుగా మొదలై, ధారగా నా ప్యాంటు మీదికి కారుతోంది. వీపు మీద ఆమె బిగుసుకుపోయింది. చెవి దగ్గర ఏడుపు వినిపించింది.

"దించు బిడ్డా. నీ మీద... అయ్యో, నన్ను దించు."

ఆ ఏడుపు నేను మర్చిపోలేను. కన్నకూతురి ముందు, పరాయి పిల్ల ముందు, అల్లుడి వీపు మీద. మనిషికి అంతకు మించిన అవమానం ఉండదు. నేను దించలేదు. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. బండ కింద ఊరే నీళ్ళకు ఉండే రాతి వాసన, అంతే.

"నీళ్ళేనత్తమ్మా" అన్నాను. "నీ మీదొట్టు, నీళ్ళే. బుగ్గ నీళ్ళు."

గట్టెక్కే లోపల కారడం ఆగింది. కారు దగ్గర దించి చూస్తే నా చొక్కా వెనకాల, ప్యాంటు మొత్తం తడిసి ముద్దైంది. అత్తమ్మ చీర పొడిగా ఉంది. రజిత అంచు నుంచి నడుము దాకా తడిమి చూసింది. సమ్మక్క చూసింది. ఒక్క చుక్క తడి లేదు. చెమటేమో అని మీరు అనొచ్చు. అంత చల్లటి చెమట నాకు ఇంతవరకు పట్టలేదు.

ఆ రోజు నుంచి పక్క తడవలేదు. అత్తమ్మ మెల్లగా నీళ్ళు తాగడం మొదలుపెట్టింది, మొదట భయపడుతూ, తర్వాత మామూలుగా. వంద కిలోమీటర్ల పైన ఉన్న బుగ్గ నీళ్ళు తాళం వేసిన ఇంట్లోకి, ఒక ముసలావిడ చీర అంచులోకి ఎలా వచ్చాయి? నాకు తెలియదు. ఏ మోటారు ఎన్ని అడుగులు ఎత్తిపోస్తుందో అడగండి, చెప్తాను. ఇది చెప్పలేను. కొబ్బరికాయవాళ్ళను ఇప్పటికీ నమ్మను, కాకపోతే వాళ్ళను వెక్కిరించడం మానేశాను.

ఇక్కడితో ఆపాలనుకున్నాను. కానీ మొన్న ఇంకొకటి జరిగింది.

తెల్లవారింది. రజిత ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. అత్తమ్మ గదిలో చప్పుడు లేకపోతే తలుపు దగ్గరికి వెళ్ళాను. మంచం అంచున గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. దుప్పటి తడిసింది. ఈసారి కాళ్ళ దగ్గర కాదు, నడుము దగ్గర. గదిలో వాసన ఉంది. మీటరుతో పని లేదు. ఎంతైనా వయసు వయసే. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"బుగ్గ నీళ్ళేనత్తమ్మా" అన్నాను. "మల్ల వచ్చినట్టున్నయి."

కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత తిరిగి నా ముఖంలోకి చూసింది.

"అవ్ బిడ్డా" అంది. "బుగ్గ నీళ్ళే."

దుప్పటి లాక్కోవడానికి వీలుగా పక్కకు జరిగింది. నేను తీసుకెళ్ళి నల్లా కింద ఉతికి, డాబా మీద ఆరేసి వచ్చాను. వచ్చేసరికి అత్తమ్మ వంటింట్లో నిలబడి, గ్లాసు నిండా నీళ్ళు ముంచుకుని, ఆగి ఆగి తాగుతోంది.